మరుపుమెట్టు

"గోడకి సెప్పు, గోడకి సెప్పు" అని కొనేవాడు గోల పెడుతుంటే, వంజరం చేపలమ్మే ఆవిడ కత్తి పక్కన పెట్టి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని, వెనకనున్న గోడవైపు మొహం తిప్పింది. "ఈ సేప పొద్దున్న పడిందే, నిలవది కాదు. నా పేరు ఎర్రయ్యమ్మ. టైము ఏడుంపావు" అని ఒక్క గుక్కలో చెప్పేసి మళ్ళీ కత్తి అందుకుంది. కొనేవాడు కూడా గోడకు తన పేరు చెప్పుకున్నాడు. అప్పుడు గాని చేప సంచిలో పడలేదు.

ఇందుమతి రోజూ ఆ సందులోంచే కోర్టుకు నడిచి వెళుతుంది. విజయనగరంలోనే కాదు, ఏ ఊళ్ళోనైనా జనం ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకోవడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇద్దరూ పక్కపక్కనే గోడకేసి నిలబడతారు. పెళ్ళిచూపుల్లో పిల్లా పిల్లాడూ ఒకరినొకరు చూసుకోకుండా గోడను చూస్తూ ఇష్టాయిష్టాలు చెప్పుకుంటారు. అద్దె ఒప్పందాలు, ప్రమాణాలు, క్షమాపణలు, అన్నీ గోడకే. సంతకం అంటే ఏమిటో బడిపిల్లలకు తెలియదు. పూర్వం పెద్దవాళ్ళు గోడలకు చెవులుంటాయి, జాగ్రత్త అనేవారట. ఇప్పుడు గోడకు చెవి లేని చోట నోరు విప్పకండి, జాగ్రత్త అని నేర్పుతున్నారు.

దీనంతటికీ మూలం ఇసుక. ఇసుకలోంచి తీసిన సిలికాన్‌కు అయస్కాంతంతో ఏ చుట్టరికమూ లేదు. కాని ఆ సిలికాన్‌ను వెంట్రుకలో వెయ్యోవంతు సన్నని గొట్టాలుగా అల్లి, ఒక్కొక్క గొట్టంలో కాసిన్ని మాంగనీసు పరమాణువులను కూర్చోబెడితే కథ మారిపోతుంది. బయట ఉన్నంతసేపూ తలో దిక్కూ చూసే ఆ లోహపు పరమాణువులు, సిలికాన్ గూట్లో పడగానే బుద్ధిగా ఒకే దిక్కు చూస్తాయి. గొట్టం అయస్కాంతమవుతుంది. శబ్దానికి గోడ వణికినప్పుడల్లా కొన్ని గొట్టాల దిక్కు మారుతుంది, మారినది మారినట్టే ఉండిపోతుంది. అలాంటి స్మృతిరేణువులను కోట్లకొద్దీ కలిపి పూస్తే ఒక గోడ నూరేళ్ళ మాటలు దాచుకోగలదు. శాస్త్రవేత్తలు దానికి స్మృతిలేపనం అని పేరు పెట్టారు. జనం గుర్తుసున్నం అన్నారు. ఆ గోడను చదివి మాటలను మళ్ళీ పలికించే చేతియంత్రం పేరు పలకరి. పలకరి పట్టుకుని కోర్టు పంపిన చోటికల్లా వెళ్ళి, విన్నది విన్నట్టు రాసి ఇచ్చేవాళ్ళు గోడచదువరులు. ఇందుమతి పద్నాలుగేళ్ళుగా ఆ పనిలో ఉంది.

గోడ అబద్ధం చెప్పదు. అది నిజమే. కాని గోడ అబద్ధం చెప్పదు అన్న మాటలోంచి, గోడ చెప్పనిది జరగనే లేదు అన్న చట్టం ఎలా పుట్టిందో, ఏ పుణ్యాత్ముడి బుర్రలో మొలిచిందో ఇప్పుడెవరూ చెప్పలేరు. అక్కడితోనైనా ఆగారా అంటే అదీ లేదు. ఒకే సంగతిని ఇద్దరు రెండు రకాలుగా చెబితే, ముందు గోడకు చేరిన మాటకే బలం అని ఇంకో నిబంధన చేర్చారు. దాన్ని తొలిమాట అంటారు. పూర్వం నోరున్నవాడిదే రాజ్యం అనేవారు, తొలిమాట వచ్చాక కాళ్ళున్నవాడిది రాజ్యం అయింది. ఎక్కడ ఏ గొడవ జరిగినా, ఏ ప్రమాదం జరిగినా ముందు గోడ దగ్గరకు పరుగెత్తాలి. మొగుణ్ణి కొట్టి మొగసాలకెక్కడం ఒకప్పుడు సామెత. ఇప్పుడది న్యాయశాస్త్రం.

ఆ రోజు ఇందుమతికి కోర్టులో ఉన్న పని చిన్నదే. తాను ఇచ్చిన నివేదిక తనదేనని ఒక్కసారి ఒప్పుకుంటే చాలు.

ముద్దాయి పేరు పారమ్మ. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఊరి చివరనున్న ఒక విద్యార్థి వసతిగృహంలో పెద్ద వంటమనిషి. ఆమె కింద పదిమంది ఆడవాళ్ళు. ఇరవై రోజుల కిందట, పొద్దున్న పది గంటల నలభై నిమిషాలకు, ఆ వంటశాలలో అన్నం ఉడికే ఆవిరిబాన మూత పేలింది. బాన పక్కనున్న దాలమ్మ మీద ఆవిరి, మరిగే గంజి పడ్డాయి. దాలమ్మ చనిపోయింది. మూత మీది వాల్వు చాలా రోజులుగా బిగుసుకుపోయి ఉందని తేలింది. ఆ సంగతి పైవాళ్ళకు చెప్పకుండా బాన వాడించి, తోటి మనిషి చావుకు కారణమైందని పారమ్మ మీద కేసు. రుజువైతే ఐదేళ్ళు.

తొలిమాట వసతిగృహం నిర్వాహకుడు సూర్యప్రకాశంది. మూత పేలిన మూడు నిమిషాలకే తన గది గోడకు చెప్పాడు. "వాల్వు పాడైనట్టు నాకెవరూ చెప్పలేదు. బాన బాధ్యత పారమ్మది. దాలమ్మ పడిన వెంటనే ప్రాణం పోయింది." మూడే వాక్యాలు. పారమ్మ మాట మాటగది గోడకు చేరేసరికి పదకొండున్నర దాటింది. మాటగది అంటే ప్రతి కార్యాలయంలోనూ, వసతిగృహంలోనూ ఫిర్యాదులు చెప్పుకోవడానికని కట్టిన చిన్న గది. పారమ్మది ఆలస్యంగా వచ్చిన మాట, పైగా ముద్దాయి మాట. దానికి విలువ లేదు.

ఇందుమతి ఆ వసతిగృహంలో పద్నాలుగు గోడలు చదివింది. నిర్వాహకుడి గది, వరండాలు, భోజనాల హాలు, సామాను గది, మాటగది. ప్రమాదానికి ముందు ఆరు నెలల మాటలు విన్నది. వాల్వు అన్న పదం ఎక్కడా వినబడలేదు. అదే రాసి ఇచ్చింది.

"నాను మూడు సార్లు సెప్పినాను బావూ" అంది పారమ్మ బోనులోంచి.

న్యాయాధికారి విసుక్కోకుండానే అడిగాడు. "ఎక్కడ చెప్పావు?"

"పొయ్యికాడ. ఆయనే ఒచ్చీవోడు. మీరు పని ఒదిలి రాలేరు గదమ్మా, నానే ఒస్తాను, మీ కష్టాలేటో ఇక్కడే సెప్పండి అనీవోడు."

"వంటశాల గోడలు మూగగోడలు. అక్కడ చెప్పుకున్నది చెప్పుకున్నట్టు కాదని నీకు తెలియదా? మాటగదికి వెళ్ళి చెప్పాల్సింది."

"మాటగదికెల్తే అన్నం మాడిపోద్ది బావూ. ఆరొందల మంది పిల్లలు."

కోర్టులో ఎవరో నవ్వారు. ఇందుమతికి ఒళ్ళు మండింది. మొదటి వరసలో కూర్చున్న సూర్యప్రకాశం మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని, చాలా బాధపడుతున్నవాడిలా నేల చూస్తున్నాడు. వంటవాళ్ళ దగ్గరకు స్వయంగా నడిచి వెళ్ళే నిగర్వి అని ఆయనకు నిరుడే ఒక సన్మానం కూడా జరిగింది.

మూగగోడ సంగతి ఏమిటంటే, గుర్తుసున్నానికి ఒక బలహీనత ఉంది. అరవై నాలుగు డిగ్రీల వేడి దాటితే, సిలికాన్ గూట్లోని మాంగనీసు పరమాణువులు క్రమశిక్షణ తప్పి మళ్ళీ తలో దిక్కూ చూడడం మొదలుపెడతాయి. గొట్టం అయస్కాంతం కాకుండా పోతుంది. దాచుకున్న మాటలన్నీ పోతాయి. ఆ అరవై నాలుగు డిగ్రీలను మరుపుమెట్టు అంటారు. కనిపెట్టినవాళ్ళకు ఇది మొదటి రోజు నుంచీ తెలుసు. చక్కగా రాసి కూడా పెట్టారు, పుస్తకం చివర, చిన్న అక్షరాల్లో.

తెలిసి ఏం చేశారు? ఇళ్ళలో పొయ్యిలు తీయించారు, గోడలు పాడవుతాయని. వంటంతా వీధికొక ఉమ్మడి వంటశాలకు, వసతిగృహాలకు, హోటళ్ళకు నెట్టారు. తర్వాత చట్టం చివర ఒక అనుబంధం పెట్టి, వంటశాలలు, ఇటుకబట్టీలు, కొలుములు, ఇస్త్రీ కొట్లు అన్నిటినీ మూగగోడల జాబితాలో చేర్చారు. అంటే దేశంలో నిప్పు దగ్గర నిలబడి పనిచేసేవాళ్ళందరి నోళ్ళూ ఒక్క కాగితంతో మూతపడ్డాయి. వాళ్ళు వండిన అన్నం మాత్రం మూడు పూటలా అందరికీ కావాలి. ఇంత తెలివైన ఇసుకను తయారుచేసినవాళ్ళకు పొయ్యి దగ్గర కూడా మనుషులుంటారని, వాళ్ళకూ చెప్పుకోవలసినవి ఉంటాయని తట్టలేదా? తట్టే ఉంటుంది. అంతమందిలో ఒక్కడికైనా తట్టే ఉంటుంది. పట్టించుకోలేదు, అంతే.

"తీర్పు రేపు" అని న్యాయాధికారి లేచాడు.

వరండాలో పారమ్మను కానిస్టేబుల్ ఒక బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆమెకు నాలుగడుగుల దూరంలో దాలమ్మ కూతురు నీలవేణి నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. దాలమ్మ, పారమ్మ ఇరవై ఆరేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డారు. దాలమ్మకు పారమ్మ అక్కలాంటిది, అప్పా అని పిలిచేది. నీలవేణికి పాలు మాన్పించింది, బడిలో చేర్పించింది, పెద్దమనిషైనప్పుడు పక్కన కూర్చుంది అన్నీ పారమ్మే. ఆ పిల్ల ఆమెను పెద్దమ్మా అని పిలిచేది. ఇరవై రోజులుగా పిలవడం లేదు. ఇందుమతి నివేదిక చదివిన దగ్గర్నుంచి అసలు మొహమే చూడడం లేదు.

గోడచదువరులు ముద్దాయిలతో మాట్లాడే ఆచారం లేదు. ఇందుమతి వెళ్ళి బల్ల మీద పక్కన కూర్చుంది.

"నిజంగానే మూడు సార్లు చెప్పావా?"

"మీకు సెప్పి ఏటి లాబమమ్మా. మీరు గోడలే గదా ఇంటారు." పారమ్మ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఆ సున్నంలో ఏసీ మాంగనీసుందే, అది మా గరివిడి గనిలోదే. మా తాత తవ్వినాడు. మా తాత తవ్విన మన్ను నా మాట ఇన్నేదంటే నానేటి సేసీది."

 ఇందుమతి ఏదో ఒకటి అడగాలన్నట్టు అడిగింది. "ఇప్పుడు పిల్లలకు అన్నం ఎవరు వండుతున్నారు?"

"బయట్నించి కేరేజీలొస్తన్నాయంట. వంటసాలకి ఆ రోజే తాళమేసీసినారు."

"అంటే, ఆ రోజు తర్వాత పొయ్యి వెలిగించలేదా?"

"నేదు. మూత పేలగానే నానే కట్టీసినాను. మళ్ళీ ఎవులు ఎలిగిస్తారు?"

ఇందుమతి లేచి నిలబడింది. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో తనకు గాని, మరే చదువరికి గాని ఈ ఆలోచన రాలేదు. పొయ్యి వెనక గోడ వేడెక్కితే మరిచిపోతుంది. చల్లారితే? మళ్ళీ వింటుంది. రోజూ రాత్రి చల్లారినప్పుడు వింటూనే ఉంటుంది, తెల్లవారి పొయ్యి వెలిగించగానే అదంతా చెరిగిపోతుంది. అందుకే వంటశాల గోడలో ఎప్పుడు చూసినా ఏమీ దొరకదు. కాని ఈ పొయ్యి ఆ రోజు ఆరి మళ్ళీ వెలగలేదు. గోడ మరుపుమెట్టు దిగాక వంటశాలలో ఎవరేం మాట్లాడినా అది ఆ సున్నంలో ఉండే తీరాలి.

ఇదంతా గబగబా పారమ్మకు చెప్పింది. పారమ్మ మొహంలో వెలుగు వస్తుందనుకుంది. రాలేదు.

"సల్లారిందాక ఎంతసేపు పడతాది?"

"ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు."

పారమ్మ తన చేతుల వంక చూసుకుంది. "ఒద్దమ్మా" అంది.

"ఏమిటి వద్దు?"

"ఆ గోడ సదవొద్దు. ఐదేళ్ళే గదా. ఎల్తాను."

"చేయని తప్పుకా?" ఇందుమతి గొంతు పెరిగింది. "ఆ పిల్ల నువ్వే వాళ్ళమ్మను చంపావనుకుంటోంది. నేను రాసిన కాగితం చూసి అనుకుంటోంది. నీకు అక్కర్లేకపోతే నాకు కావాలి. పద్నాలుగు గోడలు చదివి పదిహేనోది వదిలేశాను నేను. నా నివేదిక తప్పు."

పారమ్మ నీలవేణి వైపు చూసి, కళ్ళు తిప్పుకుంది. "ఆ పిల్ల కూడా ఇంటాదా?"

"ఇరుపక్షాలూ వినాలి. అది నియమం."

 ఇందుమతి న్యాయాధికారి గదికి వెళ్ళి, అనుబంధ నివేదిక ఇస్తానని అనుమతి తెచ్చుకుంది.

మధ్యాహ్నం మూడింటికి పారమ్మ, నీలవేణి, సూర్యప్రకాశం సమక్షంలో కోర్టు అమీనా కూర్మారావు వంటశాల తాళం తీశాడు. లోపల ఇరవై రోజుల కిందటి గంజి నేల మీద అట్టకట్టి ఉంది. గరిటెలు కడగకుండానే ఉన్నాయి. బాన మూత ఒక మూల పడి ఉంది. వేసవి ఉక్కకు పులిసిన వాసన గుప్పుమంది. నీలవేణి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మళ్ళీ తీసేసింది. ఆ వాసన తనకు తెలుసునన్నట్టు నిలబడింది.

సూర్యప్రకాశం గుమ్మం దాటలేదు. "మూగగోడను చదవడం చట్టంలో లేదండీ" అన్నాడు మర్యాదగా.

"సదవకూడదని కూడా నేదు కద సార్" అన్నాడు కూర్మారావు. "లోపలికి రండి. మీరు రాపోతే, అందరూ ఇన్నారని నాను గోడకి ఎలగ సెప్పీది?"

ఇందుమతి బాన వెనక గోడకు పలకరిని ఆనించింది. మసి పట్టిన గోడ. పలకరి చాలాసేపు ఏమీ పలకలేదు. పది గంటల నలభై, యాభై, పదకొండు. కొత్తగా సున్నం వేసిన గోడలా ఖాళీ. సూర్యప్రకాశం జేబురుమాలుతో మెడ తుడుచుకుని, గడియారం చూసుకున్నాడు. పదకొండు గంటల నాలుగు నిమిషాల దగ్గర గర్రుమన్న చప్పుడు వచ్చింది. ఆ చప్పుడులోంచి ఒక గొంతు, మసకగా మొదలై, నెమ్మదిగా తేటపడింది.

"ఇక్కడ మాట్లాడొచ్చు, భయం లేదు. ఈ గోడలకేమీ ఉండదు." సూర్యప్రకాశం గొంతు. "వాల్వు గురించి పారమ్మ చెప్పిందని నువ్వెక్కడా అనకు. మూడు సార్లూ నీ పుస్తకంలో రాసుకున్నావు కదా, ఆ కాగితాలు చింపి నాకిచ్చెయ్."

"అలగే సార్." రెండో గొంతు మరమ్మతులు చూసే మెకానిక్‌ది. "సార్, ఈమె కదుల్తన్నాది సార్. కళ్ళిప్పుతన్నాది."

"ఆసుపత్రి బండికి చెప్పాన్లే. వస్తుంది. ముందు నువ్వు మాటగదికి పోయి ఏం చెప్పాలో విను. వాల్వు నిన్నటిదాకా బాగానే ఉంది. అంతే. ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు. ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు, నువ్వూ వరసలో నిలబడు."

అడుగుల చప్పుడు దూరమైంది. తర్వాత ఏమీ లేదు. కుళాయి కారుతున్న చప్పుడు. చాలాసేపు అదే.

ఇందుమతి పలకరిని తీసేద్దామనుకుంది. అప్పుడు వినిపించింది.

"అప్పా."

నీలవేణి వాళ్ళమ్మ గొంతు గుర్తుపట్టి, గోడ దగ్గరకు ఒక అడుగు వేసింది.

"పారమ్మప్పా. కూసిన్ని నీళ్ళు."

మళ్ళీ కుళాయి చప్పుడు. నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ఆమెకు రెండు బారల దూరంలో.

"ఎవులైనా ఉన్నారా?"

దాలమ్మ అలా పదకొండు సార్లు పిలిచింది. ఇందుమతి లెక్కపెట్టింది, రాయాలి గనుక. అందులో తొమ్మిది సార్లు పారమ్మనే. ఒకసారి నీలవేణిని. పదకొండు గంటల ఇరవై ఆరు నిమిషాల తర్వాత ఇంక పిలుపు లేదు. ముప్పై ఒకటికి ఆసుపత్రి బండివాళ్ళ అడుగులు, "పల్సు లేదు" అన్న మాట వినబడ్డాయి. ఇందుమతి పలకరిని ఆపేసింది.

ముందు కదిలినవాడు సూర్యప్రకాశం. గిర్రున తిరిగి వరండాలోకి పరుగు తీశాడు. పారిపోతున్నాడనుకుని కూర్మారావు వెంటపడ్డాడు. ఆయన పారిపోలేదు. చెవులున్న గోడల్లో అన్నిటికంటే దగ్గరున్నదాని ముందు నిలబడి, రొప్పుతూ, "నా పేరు సూర్యప్రకాశం. వంటశాలలో వినిపించిన గొంతు నాది కాదు. ఇది నా తొలిమాట" అని చెబుతున్నాడు. ఇప్పుడే విన్న గొంతే అది. లోపలున్న ముగ్గురు ఆడవాళ్ళకూ స్పష్టంగా వినబడింది.

ఇందుమతికి ఆ మనిషి మీద వచ్చిన కోపానికి హద్దు లేదు. కాని ఆ కోపం ఆయన దగ్గరే ఆగలేదు. వాల్వు బాగుచేయించకపోవడం ఆయన పాపం. దాచడం ఆయన పాపం. బతికున్న మనిషిని దాటుకుని నడిచి వెళ్ళడం ఆయన పాపం. వీటికి శిక్ష పడుతుంది, పడేలా తాను రాస్తుంది. మరి ఒక వంటశాల నిండా ఉన్న ఆడవాళ్ళు, ఇరవై ఏళ్ళుగా ఒకరి చెమట ఒకరు తుడుచుకున్నవాళ్ళు, కాలిపోయిన మనిషిని నేల మీద వదిలేసి గోడ దగ్గరకు ఎందుకు పరుగెత్తారు? వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ముందు మాట, తర్వాతే మనిషి అని వాళ్ళకు బడిలో నేర్పారు. వాళ్ళ పిల్లలకూ అదే నేర్పుతున్నారు. నిజాన్ని కాపాడడానికని గోడకు చెవులు పెట్టారు గాని, ఒక మనిషి దాహమని పిలిస్తే గోడ నీళ్ళు అందించలేదని ఎవరూ గుర్తుచేయలేదు. ఇంతకాలం ఆ గోడల పుణ్యాన జీతం తీసుకున్నందుకు ఇందుమతికి సిగ్గేసింది.

"నువ్వు విడుదలైపోతావు" అంది పారమ్మతో. "రేపే. మూడు సార్లు చెప్పావని వాడి నోటే వచ్చింది."

పారమ్మ విన్నట్టు లేదు. నీలవేణి ఆమె దగ్గరకు వచ్చి నిలబడింది. పక్కన కాదు. ఎదురుగా, మొహంలోకి చూస్తూ.

"పెద్దమ్మా" అంది, ఇరవై రోజుల తర్వాత. "అమ్మ పిలిసినప్పుడు నువ్వెక్కడున్నావు?"

"మాటగది కాడ."

"అమ్మ బతికుందని నీకు తెలీదా?"

అబద్ధం చెప్పడానికి అదొక్కటే అవకాశం. మూత పేలాక మొదటి కొద్ది నిమిషాల్లో అక్కడ ఏం జరిగిందో ఏ గోడలోనూ లేదు. అప్పటికి పొయ్యి వెనక గోడ ఇంకా వేడిగానే ఉంది. ఆ సంగతి ఇందుమతి చెప్పగా పారమ్మకు తెలుసు.

"తెలుసు" అంది పారమ్మ. "తల నా ఒళ్ళో ఎట్టుకున్నాను. కళ్ళిప్పి సూసింది నన్ను. మిగతావోలందరు అప్పటికే ఎల్లిపోనారు. ఆయనొచ్చి, నా మాట నాను ముందే సెప్పీసినాను, నువ్వూ ఎల్లి సెప్పుకో, నేకపోతే అంతా నీ మెడకే సుట్టుకుంటాది అన్నాడు. రొండు నిముషాల్లో ఒచ్చీవొచ్చనుకున్నాను. తల కింద గోనిసంచి మడిసి పెట్టి ఎల్నాను."

"మరి రానేదేటి?"

"నా ముందర తొమ్మిదిమంది ఉన్నారమ్మా. ఒక్కొక్కలు ఐదేసి నిముషాలు సెప్తన్నారు." పారమ్మ కళ్ళు తుడుచుకోలేదు. "ఒదిలీసి ఒచ్చీవొచ్చు. గుమ్మం కాణ్ణించి వంటసాల కనబడతానే ఉంది. వంతు పోద్దని నిలబడిపోనాను."